పెరటి కోళ్లలో తురాయి, రంగు నిలబెట్టడం ఎలా: జత కట్టడం నుంచి కొత్త పుంజు దాకా

నల్లగా నిగనిగలాడే కాకి పుంజును అంతే నల్లటి పెట్టతో జత కడతాం. పిల్లలు దిగాక చూస్తే వాటిలో ఒకటి రెండు ఎర్రవి ఉంటాయి. వెంటనే అందరూ అనే మాట, పక్కింటి పుంజు వచ్చి ఉంటుందని. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ ఆ నల్ల కోళ్లు రెండూ ఎరుపును లోపల దాచుకుని ఉన్నా సరిగ్గా ఇదే జరుగుతుంది. తురాయి విషయమూ అంతే. కోడిని చూస్తే సగమే తెలుస్తుంది, మిగతా సగం దాని పిల్లలే చెప్పాలి. పిల్లలు చెప్పేదాన్ని ఎలా అడగాలో, ఎలా రాసిపెట్టుకోవాలో వరుసగా చూద్దాం.

ఇక్కడ చెప్పేది పది పదిహేను కోళ్లు ఉన్న ఇంటికి సరిపోతుంది. పెద్ద షెడ్డు, ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఓపిక, ఒక నోటుపుస్తకం, పుంజును విడిగా ఉంచడానికి చిన్న గూడు ఉంటే చాలు.

మొదటి అడుగు: ఏం కావాలో తేల్చుకోండి

ఒక తురాయి, ఒక రంగు. మొదటి మూడు తరాలకు ఇంతకుమించి పెట్టుకోవద్దు. తురాయి, ఈక రంగు, కాళ్ల రంగు, ఒడ్డూ పొడుగూ అన్నీ ఒకేసారి కావాలంటే అన్నీ కుదిరిన పిల్ల వందలో ఒకటి రావడం కూడా కష్టం. పెరట్లో మనం పొదిగించేది ఏడాదికి వంద కూడా ఉండకపోవచ్చు.

ఏ కోళ్లతో మొదలుపెట్టాలన్నదీ ఇప్పుడే ఆలోచించాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ పెరటికి మంచి కోళ్లు. గుడ్లకో మాంసానికో అయితే హాయిగా పెంచుకోవచ్చు. కానీ అవి వేర్వేరు వంశాలను కలిపి తీసిన సంకర కోళ్లు. వాటి పిల్లలు వాటిలా రావు, రంగులు చెల్లాచెదురవుతాయి. రంగు నిలబెట్టాలనుకునేవాళ్లు వాటిని తల్లిదండ్రులుగా తీసుకోకపోవడమే మంచిది. తరాలుగా ఒకే ఇంట్లో పెరుగుతున్న నాటు కోళ్లో, అసీల్ కోళ్లో దొరికితే వాటితో మొదలుపెట్టండి. అసీల్ సొంత ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, కాబట్టి మన దగ్గర మంచి పుంజు దొరకడం పెద్ద కష్టమేమీ కాదు.

రెండో అడుగు: తురాయిని చదవడం నేర్చుకోండి

మన పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండే. ఒకటి సింగిల్ తురాయి. ముక్కు మొదలు నుంచి తల వెనక దాకా ఒకే పలుచని పొర, పైన రంపం పళ్లలా కోతలు. నాటు కోళ్లలో, లెగ్‌హార్న్ జాతిలో, ఒళ్లంతా నల్లగా ఉండే కడక్‌నాథ్‌లో ఉండేది ఇదే. రెండోది అసీల్‌లో ఉండే పీ తురాయి. ఇది తలకు అంటుకుని పొట్టిగా ఉంటుంది, పొడవునా మూడు వరుసలు, మధ్య వరుస కొంచెం ఎత్తు. పీ తురాయి ఉన్న కోడికి గొంతు కింద వేలాడే ఎర్ర తోలు కూడా చిన్నదిగా ఉంటుంది. రొమ్ము ఎముక మీద వేలితో రాస్తే అక్కడ తోలు మందంగా గట్టు కట్టినట్టు తగులుతుంది. అనుమానం వచ్చినప్పుడు ఈ గుర్తు చాలా పనికొస్తుంది.

మూడోది రోజ్ తురాయి. వెడల్పుగా, చదునుగా, పైన చిన్న చిన్న బొడిపెలతో ఉండి వెనక్కి ఒక మొనతో ముగుస్తుంది. వయాన్‌డాట్ కోళ్లలో ఇదే ఉంటుంది, రోడ్ ఐలాండ్ రెడ్‌లో సింగిల్, రోజ్ రెండూ ఉన్నాయి. మన ఊళ్లలో ఇది తక్కువ. బయటి జాతుల కోళ్లు తెచ్చుకున్న ఇళ్లలో కనిపిస్తుంది. పీ, రోజ్ రెండూ ఒకే కోడిలో కలిస్తే వచ్చేది వాల్‌నట్ తురాయి. వరుసలూ మొనా ఏవీ ఉండవు, గరుకుగా ముద్దలా ఉంటుంది.

ఈ నాలుగింటి లెక్క జన్యుశాస్త్రంలోనే పాత పాఠం. మొక్కల్లో మెండెల్ చూపిన వారసత్వ సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని ఇంగ్లండ్‌లో విలియం బేట్‌సన్ అనే శాస్త్రవేత్త 1902లో చూపించింది కోళ్ల తురాయిల మీదే. ఆ తర్వాత ఆయన, తోటి శాస్త్రవేత్త పన్నెట్ కలిసి ఒకే తురాయి మీద రెండు జన్యువులు పనిచేస్తాయని తేల్చారు. పీ జన్యువు ఒక్కటే ఉంటే పీ, రోజ్ ఒక్కటే ఉంటే రోజ్, రెండూ ఉంటే వాల్‌నట్, ఏదీ లేకపోతే సింగిల్. స్వచ్ఛమైన పీ కోడిని, అంటే పీ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చినదాన్ని, అలాగే స్వచ్ఛమైన రోజ్ కోడితో జత కడితే పిల్లలన్నీ వాల్‌నట్. ఆ పిల్లల్ని వాటిలో వాటికే జత కడితే 16లో 9 వాల్‌నట్, 3 రోజ్, 3 పీ, 1 సింగిల్ చొప్పున వస్తాయి. తాతముత్తాతల్లో ఎక్కడా సింగిల్ కనపడకపోయినా అలా ఒకటి బయటపడుతుంది.

ఇందులోంచి మనకు పనికొచ్చే ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఈ నాలుగింటిలో సింగిల్ ఏదీ దాచుకోదు. సింగిల్ పుంజు, సింగిల్ పెట్ట జత కడితే పిల్లలన్నీ సింగిలే. కాబట్టి సింగిల్ తురాయి మంద కావాలనుకునేవాళ్ల పని మొదటి తరంలోనే అయిపోతుంది. పీ, రోజ్ కావాలనుకునేవాళ్లకే పరీక్ష.

ఏది మంచిది అని అడిగితే, గుడ్ల కోసం పెంచే పెట్టలకు మన ఎండల్లో సింగిల్ తురాయే మేలంటాను. తురాయిలో రక్తం బాగా పారుతుంది, ఒంట్లో వేడి దాని ద్వారా బయటికి పోతుంది. పెద్ద తురాయి ఉన్న పెట్ట మే నెలను కాస్త తేలిగ్గా తట్టుకుంటుంది. అసీల్ రూపం కావాలనుకుంటే మాత్రం పీ తురాయి లేకుండా ఆ రూపం రాదు.

మూడో అడుగు: పెట్టల్ని విడదీసి ఆగండి

ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. పుంజును మార్చిన మర్నాటి నుంచే గుడ్లు పొదగేస్తారు. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా బతికే ఉంటుంది. పాత పుంజును తీసేసినా ఆ రోజుల్లో పెట్టే గుడ్లలో దాని పిల్లలే ఉండవచ్చు. పెట్టల్ని విడిగా పెట్టి మూడు వారాలు ఆగండి. ఆ గుడ్లు తినండి, అమ్మండి, పొదగేయొద్దు. ఆ తర్వాత కావాల్సిన పుంజును కలిపి, ఓ వారం గడిచాక గుడ్లు ఏరడం మొదలుపెట్టండి.

ఒక పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు సరిపోతాయి. పరీక్ష కోసమైతే రెండు మూడు చాలు.

నాలుగో అడుగు: పుంజును పరీక్షించండి

మీ దగ్గర పీ తురాయి అసీల్ పుంజు ఉందనుకుందాం. అది స్వచ్ఛమైనదా, సింగిల్‌ను లోపల దాచుకుందా? దాన్ని సింగిల్ తురాయి నాటు పెట్టలతో కలపండి. పుంజు సింగిల్‌ను దాచుకుంటే పిల్లల్లో దాదాపు సగం సింగిల్ తురాయితో దిగుతాయి. స్వచ్ఛమైనదైతే ఒక్కటీ రాదు. కనీసం ఏడు పిల్లల్ని చూడాలి. దాచుకున్న పుంజుకు వరసగా ఏడు పిల్లలూ పీ తురాయితోనే పుట్టే అవకాశం 128లో ఒకటి. ఏడింటిలో ఒక్క సింగిల్ వచ్చినా విషయం తేలిపోయినట్టే, ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పిల్ల పుట్టిన రోజే తురాయి చూడొచ్చు. పిల్లను అరచేతిలో పెట్టుకుని, ముక్కు మొదట్లో నూగును తడి వేలితో పక్కకు తప్పించి వెలుతురులో చూడండి. సింగిల్ అయితే సన్నని ఒకే గీత, దాని మీద నొక్కుల్లాంటివి ఉంటాయి. పీ అయితే కొంచెం వెడల్పుగా ఉండి మధ్యలో గట్టు, రెండు పక్కలా లీలగా మరో రెండు వరుసలు కనిపిస్తాయి. రోజ్ అయితే చదునుగా పరుచుకుని ఉంటుంది. ఆ రోజు రాసుకున్నదాన్ని నాలుగో వారంలో మరోసారి సరిచూసుకోండి.

పీ జన్యువు తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే వచ్చిన పీ తురాయికి, ఇద్దరి నుంచీ వచ్చిన పీ తురాయికి చూపులోనే తేడా ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే తురాయి చిన్నదిగా, మూడు వరుసలూ నీటుగా ఉంటుంది. ఒకరి నుంచే వస్తే మధ్య వరుస ఎక్కువ లేచి, ఒక్కోసారి వంకర తిరిగి ఉంటుంది, ముఖ్యంగా పుంజుల్లో. చూపు మీదే తీర్పు చెప్పొద్దు కానీ, ఏ పుంజును ముందు పరీక్షించాలో ఎంచుకోవడానికి ఇది దారి చూపిస్తుంది.

సంకరం నుంచే పీ మంద తీయాలంటే లెక్క ఇలా ఉంటుంది. పీ, సింగిల్ కలిసిన పిల్లల్ని వాటిలో వాటికే జత కట్టి 40 పిల్లలు తీస్తే, అటూ ఇటుగా 30 పీ, 10 సింగిల్ వస్తాయి. ఆ 30లో 10 మాత్రమే స్వచ్ఛమైనవి, మిగతా 20 దాచుకున్నవే. సింగిల్ పిల్లల్ని తీసేసినంత మాత్రాన పని అయిపోదు. పుంజుగా ఉంచుకునే ప్రతిదాన్నీ పైన చెప్పినట్టు పరీక్షించాలి. పుంజు ఒక్కటి స్వచ్ఛమైనదైతే చాలు, పెట్టలు దాచుకున్నా ఆ తరంలో పిల్లలన్నీ పీ తురాయితోనే పుడతాయి.

రోజ్ తురాయి పెంచేవాళ్లకు ఒక హెచ్చరిక. రోజ్ జన్యువు ఇద్దరి నుంచీ వచ్చిన పుంజుల్లో వీర్యం చురుకుదనం తగ్గుతుంది, గుడ్లు ఎక్కువ మురిగిపోతాయి. ఆ జన్యువు వచ్చిన తీరులోనే ఈ లోపం ఉంది. క్రోమోజోమ్‌లో ఒక పెద్ద ముక్క తలకిందులై అతుక్కోవడం వల్ల రోజ్ తురాయి వచ్చిందని, ఆ తలకిందులవడంలోనే వీర్యానికి అవసరమైన మరో జన్యువు తెగిపోయిందని 2012లో తేల్చారు. అందుకని రోజ్ మందలో అప్పుడప్పుడు పుట్టే సింగిల్ పెట్టల్ని తీసిపారేయకండి. రోజ్ పుంజుకు అవి మంచి జోడీ. ఇక్కడ నూటికి నూరు స్వచ్ఛత కోసం పట్టుబడితే పిల్లలే తగ్గిపోతాయి.

ఐదో అడుగు: రంగుల లెక్క

కాకి అంటే నలుపు, సేతువ అంటే తెలుపు, డేగ అంటే ఎరుపు. ఇవి అందరికీ తెలిసినవే. నెమలి, పర్ల, మైల, పూల, రసంగి లాంటి పేర్లు జిల్లా మారితే కాస్త అటూ ఇటూ అవుతాయి. కాబట్టి పుస్తకంలో పేరుతో పాటు మెడ, రెక్క, రొమ్ము, తోక ఏ రంగో కూడా రాయండి.

నలుపు బలమైన గుణం. ఒక్కరి నుంచి వచ్చినా కోడి నల్లగానే ఉంటుంది, ఎరుపు లోపల దాగుతుంది. మొదట చెప్పిన ఎర్ర పిల్లల సంగతి ఇదే. రెండు నల్ల కోళ్లూ ఎరుపును దాచుకుంటే నాలుగింట ఒక పిల్ల నలుపు లేకుండా దిగుతుంది. పుంజుల్లో దీనికో పై గుర్తు ఉంది. పుంజుకు ఎనిమిది నెలలు వచ్చాక ఎండలో నిలబెట్టి మెడ ఈకలు, నడుము ఈకలు, రెక్క మూపు చూడండి. అక్కడ ఎర్రటి లేదా బంగారు రంగు పోగులు కనిపిస్తే అది ఎరుపును దాచుకుని ఉండే అవకాశం ఎక్కువ. ఆకుపచ్చ మెరుపు మాత్రమే ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. పెట్టల్లో ఈ గుర్తు అంత బాగా కనిపించదు. వాటిని డేగ పుంజుతో జత కట్టి పిల్లల్ని చూడాల్సిందే.

తెలుపులో రెండు రకాలు ఉన్నాయి, ఈ రెండూ పూర్తిగా వేరు. ఒకటి లెగ్‌హార్న్‌లో ఉండే బలమైన తెలుపు. ఒకరి నుంచి వచ్చినా పని చేస్తుంది. రెండోది దాగే తెలుపు, ఇద్దరి నుంచీ రావాలి. మీ సేతువ ఏదో తెలియాలంటే దాన్ని స్వచ్ఛమైన నల్ల కోడితో జత కట్టండి. పిల్లలు తెల్లగా ఉండి అక్కడక్కడ నల్ల చుక్కలు పడితే బలమైన తెలుపు. పిల్లలన్నీ రంగుతో దిగితే దాగే తెలుపు. సగం తెల్లవి, సగం రంగువి అయితే బలమైన తెలుపే, కాకపోతే ఒకరి నుంచి వచ్చింది.

బలమైన తెలుపు నలుపును చెరిపినంతగా ఎరుపును చెరపలేదు. అందుకే డేగ వంశంలోకి అది వస్తే మెడ, మూపు ఎర్రగానే మిగిలి, నల్లగా ఉండాల్సిన రొమ్ము, తోక తెల్లబడతాయి. చూడటానికి చాలా అందంగా ఉంటుంది ఆ కోడి. కానీ డేగను నిలబెట్టాలనుకునే మందలో దాన్ని ఉంచొద్దు.

బూడిద నీలం రంగు మీద ఆశపడేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. నలుపును పలచబరిచే జన్యువు ఒకరి నుంచి వస్తేనే ఆ రంగు. ఇద్దరి నుంచీ వస్తే మురికి తెలుపు మీద నీలి మచ్చలు పడతాయి. కాబట్టి రెండు నీలాల్ని జత కడితే పిల్లల్లో సగమే నీలం, పావు నలుపు, పావు మచ్చలవి. ఎన్ని తరాలు ఎంచినా ఈ లెక్క మారదు. పిల్లలన్నీ నీలం కావాలంటే నల్ల కోడిని మచ్చల కోడితో జత కట్టాలి.

కాళ్ల రంగు గురించి క్లుప్తంగా. పసుపు తోలు దాగే గుణం. పసుపు కాళ్ల జంటకు పిల్లలన్నీ పసుపు కాళ్లవే, తెల్ల కాళ్ల జంటకు పసుపు కాళ్ల పిల్ల పుట్టవచ్చు. ఈ పసుపు జన్యువు మన దక్షిణ భారత అడవుల్లో తిరిగే బూడిద రంగు అడవికోడి నుంచి పెంపుడు కోళ్లలోకి వచ్చిందని 2008లో పరిశోధకులు చూపించారు. గుడ్లు బాగా పెడుతున్న పెట్ట కాళ్లు పాలిపోతాయి, ఎందుకంటే ఆ పసుపు పచ్చసొనలోకి పోతుంది. కాబట్టి గుడ్లు మొదలుకాకముందే కాళ్ల రంగు చూసి రాసుకోండి.

ఆరో అడుగు: తల్లి నుంచి కొడుక్కే వెళ్లే గుణాలు

మనుషుల్లో ఆడా మగా తేలేది తండ్రి వల్ల, కోళ్లలో తల్లి వల్ల. పుంజుకు రెండు జడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పెట్ట తన జడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. జడ్ మీద ఉండే గుణాల్లో మనకు బాగా పనికొచ్చేది ఈకల మీద అడ్డ గీతలు.

గీతల పెట్టను గీతలు లేని నల్ల పుంజుతో జత కట్టండి. కొడుకులకు గీతలు వస్తాయి, కూతుళ్లకు రావు. పుట్టిన రోజే నల్ల పిల్లల్లో నడినెత్తి మీద తెల్ల చుక్క ఉంటే పుంజు, లేకపోతే పెట్ట. ఆ రోజే పుంజుల్ని, పెట్టల్ని వేరు చేసుకోవచ్చు. జత తిరగబడితే, అంటే స్వచ్ఛమైన గీతల పుంజును పెడితే, పిల్లలన్నిటికీ గీతలే వస్తాయి, ఏ తేడా తెలియదు. నూగు ఎర్రగా, చారలుగా ఉన్న పిల్లల్లో ఆ చుక్కను పోల్చుకోవడం కష్టం.

కడక్‌నాథ్ సంకరాల్లోనూ ఇలాంటిదే ఉంది. ఒంట్లో నలుపు నింపే జన్యువు బలమైనదే, కానీ ఆ నలుపును తోలులో అడ్డుకునే మరో జన్యువు జడ్ మీద ఉంటుంది. తెల్ల కాళ్ల, పసుపు కాళ్ల కోళ్లలో సాధారణంగా ఉండేది అదే. కడక్‌నాథ్ పుంజును అలాంటి నాటు పెట్టతో జత కడితే కూతుళ్లు బాగా నల్లబడతాయి, కొడుకులు పాలిపోతాయి. కాబట్టి నల్ల ఈకలు చూసి కడక్‌నాథ్ అని కొనొద్దు. నోరు తెరిచి నాలుక, అంగిలి చూడండి, ఈకలు తప్పించి తోలు చూడండి, తురాయి ముదురు ఊదాగా ఉందో లేదో చూడండి.

ఏడో అడుగు: పొదిగించడం, గుర్తు పెట్టడం, రాయడం

గుడ్లు ఏరిన వారంలోపు పొదగేయండి. ఏరిన గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, తల్లి గుర్తు రాయండి. నాటు పెట్ట కింద పది, పన్నెండు గుడ్లు చాలు. 21వ రోజుకు పిల్లలు దిగుతాయి. వేర్వేరు జతల గుడ్లు ఒకే పెట్ట కింద పెడితే పిల్లలు దిగాక ఏది ఎవరిదో తెలియదు. రెండు పెట్టలు పొదుగు మీద ఉంటే ఒక్కో జతను ఒక్కోదాని కింద పెట్టండి.

దిగిన రోజే కాలికి రంగు రింగు వేయండి. కాలు లావెక్కే కొద్దీ రింగు మార్చాలి, లేకపోతే కోసుకుపోతుంది. పుస్తకంలో పిల్లకో వరస. తండ్రి, తల్లి, దిగిన తేదీ, నూగు రంగు, తురాయి, కాళ్ల రంగు రాయాలి. చచ్చిపోయినవీ రాయాలి, ఎందుకంటే లెక్కలో అవీ భాగమే.

నూగు చూసి పెద్దయ్యాక రంగు చెప్పేయొద్దు. కాకి పిల్లలకు పొట్ట కింద, రెక్క కొసల్లో తెలుపు ఉంటుంది. దాన్ని చూసి నలుపు తెలుపు కలిసిన పర్ల అనుకుని అమ్మేసేవాళ్లు చాలామంది. మొదటి ఈకలు రాలి కొత్తవి వచ్చేసరికి ఆ తెలుపు పోతుంది. పెట్టల రంగు ఐదో నెలలో, పుంజుల రంగు ఏడెనిమిది నెలలకు తేల్చండి.

ఎనిమిదో అడుగు: ఏరివేత

ముందు ఆరోగ్యం, తర్వాతే అందం. వంకర కాళ్లు, వంకర ముక్కు ఉన్నవి, తోటి పిల్లలకన్నా బాగా వెనకబడినవి ఎంత మంచి రంగులో ఉన్నా తల్లిదండ్రులుగా పనికిరావు. తురాయి ఆకారం జన్యువుల నుంచి వస్తుంది, దాని ఛాయ మాత్రం ఒంట్లో పరిస్థితి చెబుతుంది. పాలిపోయిందంటే నులిపురుగులో, గూట్లో పేలో రక్తం తాగుతున్నాయి. నీలిబారితే పశువైద్యుణ్ని పిలవాల్సిన సమయం. దాని మీద పొక్కులు కట్టి నల్లగా ఎండితే మశూచి కావచ్చు, ఆ మచ్చలు మిగిలిన తురాయిని చూసి రకం పోల్చకండి. ఇన్ని నెలల కష్టం ఒక్క కొక్కెర తెగులుతో తుడిచిపెట్టుకుపోతుంది. అది రాకుండా మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్‌టూబీ టీకా తప్పకుండా వేయించండి.

అన్నాచెల్లెళ్లను జత కట్టడం అలవాటు చేసుకోవద్దు. రంగు త్వరగా కుదురుకుంటుంది, నిజమే. రెండు మూడు తరాల్లో గుడ్లు తగ్గుతాయి, పిల్లలు గుడ్డులోనే చనిపోతాయి. రెండు చిన్న గుంపులు ఉంచుకుని, ప్రతి తరంలో ఒకదాని పుంజును రెండోదానికి మార్చుకుంటే ఈ ఇబ్బంది చాలా ఏళ్లు వెనక్కి పోతుంది. పక్క ఊళ్లో ఇదే రంగు పెంచేవాళ్లు ఉంటే వాళ్లతో పుంజులు మార్చుకోవడం ఇంకా మంచిది.

తొమ్మిదో అడుగు: బయటి పుంజును కలిపేటప్పుడు

కొత్త పుంజు ఎంత పేరున్న ఇంటి నుంచి వచ్చినా నెల రోజులు మీ కోళ్లకు దూరంగా, వేరే నీళ్లు, వేరే మేతతో ఉంచండి. ముందు మీ కోళ్ల పని చూసుకుని, చివరగా దాని దగ్గరికి వెళ్లండి. నెల గడిచాక కూడా మంద మొత్తంలోకి వదలొద్దు. తురాయి కోసం ఒక సింగిల్ పెట్ట, రంగు కోసం మీరు భయపడే రంగు పెట్ట ఒకటి, మీ మందలో మేలైన పెట్ట ఒకటి, ఈ మూడింటితోనే కలపండి. ఆ మూడింటి పిల్లల్ని విడివిడిగా చూసి, నాలుగో వారం రాతలు పూర్తయ్యాక పుంజు తురాయి సంగతి, దాచుకున్న రంగుల సంగతి చాలావరకు తేలుతుంది. పిల్లల్లో వద్దనుకున్నది ఏదీ బయటపడకపోతే అప్పుడు దాన్ని మిగతా పెట్టల్లోకి వదలండి. బయటపడితే, ఆ మూడు పెట్టల్ని మళ్లీ మూడు వారాలు విడిగా ఉంచి, పుంజును వెనక్కి ఇచ్చేయండి.